అల తిరిగి రాలేదు

దయ్యాలనూ గాలి సోకడాన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. మా అవ్వ తాయెత్తు కడితే తీసి గూట్లో పడేసేదాన్ని. సైన్సు మాస్టారును చేసుకున్నాక అలాంటి మాటలకు మా ఇంట్లో చోటే లేకుండా పోయింది. అయినా పంతొమ్మిదివందల అరవైల్లో, మహబూబ్‌నగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇంట్లో జరిగిన ఒక సంగతి నాకు ఈనాటికీ అంతుపట్టదు.

ఆ ఏడాది మా ఆయన బడిలో సుగుణ అనే కొత్త టీచరు చేరింది. హైదరాబాదులో ప్రదర్శనకని ఇద్దరూ ఒక నమూనా మొదలుపెట్టారు. మనిషి చెవికి అందని శబ్దాలు ఉంటాయట, వాటిని అతిధ్వనులంటారట. అవి గాలిలోంచి నీళ్లలోకి ఎలా దాటుతాయో కంటికి కనిపించేలా చూపాలి. మా వరండాలో ఈ చివర నుంచి సన్నని దారం, ఆ చివర నుంచి లావు మోకు కట్టి మధ్యలో కలిపారు. దారం గాలి, మోకు నీళ్లు. దారాన్ని విదిలిస్తే అల పరుగున వెళ్లి, మోకును తాకి, దాదాపు అంతా వెనక్కి వచ్చేస్తుంది. మోకు కదిలీ కదలనట్టు ఉంటుంది. గాలిలో చప్పుడు నీళ్లలోకి చొరబడేది కూడా అంతేనట.

వాళ్లు వేసిన ముడి జారిపోతుండేది. నేను భువనగిరి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. మగ్గం మీద పాత పడుగు నిలువు పోగులకు కొత్తవి అతికినట్టు, వేళ్లకు బూడిద రాసుకుని, ముడి లేకుండా పోగులు మెలేసి అతికాను. బాగా కుదిరింది. తీరా హెడ్మాస్టరు చూడడానికి వస్తే మా ఆయన, "సుగుణ చెయ్యి పడితెనే పని అయితది" అన్నారు. అతుకు నాది, పేరు ఆమెది! ఆమె జడ, ఆమె ఇంగ్లీషు, ఆమె చేతిగడియారం, అన్నీ నా కంట్లో నలుసులే. హైదరాబాదుకు ఇద్దరే వెళ్తారని తెలిశాక అన్నం సయించలేదు. నా సంసారం చెయ్యి జారిపోతోందనుకున్నాను. ఆయనతో అంటే నవ్వేసి మళ్లీ లెక్కల్లో తల దూర్చారు.

ఒక ఆదివారం పొద్దున ఆయన బజారుకు వెళ్లారు. నేను దారం పట్టుకుని కసిగా విదిలించాను. నోరు తెరవలేదు. నా మనిషిని నాకు విడిచిపెట్టు సుగుణా, అని మనసులోనే అనుకున్నాను.

అల వెళ్లింది, తిరిగి రాలేదు. నా చేతిలో దారం కదలకుండా ఉంది. అవతల మోకు మాత్రం గోడ మేకు దాకా ఊగింది. మళ్లీ ఎన్నిసార్లు విదిలించినా, ఎప్పటిలాగే అల వెనక్కి వచ్చింది.

మధ్యాహ్నం సుగుణ తడి జుట్టుతో వచ్చింది. ఆదివారాలు ఊరి బయట మోటబావిలో ఈత కొట్టడం ఆమెకు అలవాటు. ఆ రోజు గడప దాటలేదు. ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, పొద్దున బాయికాడికి వచ్చినవా?"

రాలేదన్నాను.

"నీళ్లల్ల మునిగి ఉన్న. నీ గొంతు ఇనబడ్డది. తేలి చూస్తే ఎవ్వరు లేరు. విడిచిపెట్టుమన్నవు. నేను పట్టుకోలేదక్కా."

ఆమె ప్రదర్శనకు వెళ్లలేదు. వేసవి సెలవుల తర్వాత బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది.

చాలా ఏళ్లకు మా ఆయనకు చెప్పాను. నోటి మాటే నీళ్లలోకి పోదు, మనసులో మాట ఎలా పోతుందని ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. లెక్కలో తప్పు లేదు. కానీ ఆమె నాతో అన్న మాటలు ఆ లెక్కలో ఎక్కడా ఇమడలేదు.

సుగుణ మీద ఈర్ష్య నాకు ఇప్పటికీ పోలేదు. అయితే ఆయన గురించి కాదు. ఆ పొద్దున నేను అనుకున్నది బావి నీళ్ల అడుగున ఉన్న ఆమెకు వినబడింది. అదే మాట అంతకు ముందు ఎన్నో రాత్రులు ఆయన పక్కనే పడుకుని అనుకున్నాను, ఆయనకు ఒక్కసారీ వినబడలేదు.