ఎవరు చూసిన్రు?

మొన్న ముసురు పట్టిన పొద్దున మా మనవరాలు ఫోన్ నా ముందు పెట్టి, ఏటూరునాగారం దగ్గర గోదారి ఎంతుందో చూడమంది. నీటిమట్టం ఎన్ని మీటర్లో, ఏ చోటిదో, ఏ వేళదో, పెరుగుతోందో తగ్గుతోందో అన్నీ పక్కపక్కనే ఉన్నాయి గానీ, ఎవరు చూశారన్నది మాత్రం లేదు. అడిగితే, మిషనే చూసుకుంటుంది నానమ్మా అని నవ్వింది.

మీకూ గుర్తుండే ఉంటుంది, ఎనభైల మొదట్లో వానాకాలం వస్తే ఆ అడవి దారులు ఎట్లా మూసుకుపోయేవో. మా ఆయనది గోదారి ఒడ్డున నీటికొలత ఉద్యోగం. వాకిట్లో నిలబడితే పదిమంది పలకరించే రఘునాథపల్లి ఇంటి నుంచి, పెళ్లయిన ఏడాదే నన్ను ఆ ఒంటరి క్వార్టర్‌కు తీసుకెళ్లాడు. మంచివాడే, కాకపోతే మాటకు పీనాసి. నేనేమో గోడతోనైనా ముచ్చటపెట్టే మనిషిని, ఆ ఏడు నిజంగా గోడతోనే పెట్టాను.

ఆ ఇంట్లో గలగలా మాట్లాడేది వైర్‌లెస్ సెట్టు ఒక్కటే. పొద్దునా సాయంత్రం సుబేదారిలోని మా ఆయన పెద్దాఫీసు నుంచి ఒక గొంతు పిలిచేది. ఒట్టి అంకె చెబితే ఒప్పుకునేది కాదు. అది వానా, నీళ్లా, వేడా, ఎక్కడ కొలిచారు, పెరుగుతోందా తగ్గుతోందా అని ఆరా తీసి, చివరికి ఎవరు చూశారని కూడా అడిగేది. మన మొహం తెలియని ఆఫీసుల్లో కూడా ఆ అంకె అర్థం కావాలట. ఇంటి సంగతులు మాత్రం సెట్టులో చెప్పకూడదని గట్టి ఆర్డరు. ఆయన జవాబులిస్తుంటే తలుపు పక్కన నిలబడి, నన్నూ ఎవరైనా ఇన్ని ప్రశ్నలడిగితే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

ఒక శ్రావణంలో ఆయనకు చలిజ్వరం వచ్చి, మాట తడబడింది. వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి. నేనే గొడుగేసుకుని నీళ్లలోని గీతల స్తంభం చూసొచ్చి సెట్టు ముందు కూర్చున్నాను. జ్వరం సంగతి చెబితే ఆయన ఉద్యోగం పోతుందేమో, చెప్పకపోతే మనిషే పోతాడేమో. నీళ్లు చెప్పాను, వాన చెప్పాను, జ్వరాన్నీ ఆ వరసలోనే చెప్పేశాను.

"వేడి నూటనాలుగు. పెరుగుతాంది."

"ఏందమ్మా, గింత ముసురుల గంత వేడా? ఏడ కొలిచినవ్?"

"మా ఆయన సంకల, అన్నా."

ఆ గొంతు మెల్లగా, "ఎవరు చూసిన్రు?"

"నేనే."

"ఫికర్ చెయ్యకు చెల్లె. జర తడిబట్ట ఏసుకుంట ఉండు. దవాఖానకు నేను చెప్త."

నా నూటనాలుగును ఆ గొంతు ఎవరెవరికి అందించిందో గానీ, పొద్దు వాలకముందే అడవి ఆఫీసు జీపులో డాక్టరు దిగాడు. జ్వరం తగ్గి మా ఆయన మళ్లీ సెట్టు ముందు కూర్చున్న నాడు, నీళ్లూ వానా అయ్యాక ఆ గొంతు, "వేడి ఎట్లున్నది? ఎవరు చూసిన్రు?" అంది. మాటకు పీనాసైన మా ఆయన నా వైపు చూసి, "మా ఇంటామె" అన్నాడు. ఆ రెండు మాటలతో ఆ వానాకాలమంతా గడిపేశాను.

మేం సుబేదారికి మారేసరికి ఆ అన్నకు బదిలీ అయిందన్నారు. మొహం చూడనేలేదు. ఇప్పుడు మా ఆయనా లేడు. గోదారి ఎంతుందో లోకమంతా ఎక్కడివాళ్లక్కడ చూసుకోవచ్చు, మంచిదే, ఎవరూ వానలో తడవక్కర్లేదు. కానీ చూసిన మనిషెవరని అడిగే పనే లేకుండా పోయింది. ఈమధ్య ఒళ్లు వెచ్చబడితే నేనే థర్మామీటరు పెట్టుకుని, కిటికీ వెలుగుకు పట్టి చూసి, "సుబేదారి, వేడి నూటొకటి, పెరుగుతాంది" అని పైకే చెప్పుకుంటాను. చెప్పి, కాసేపు ఆగుతాను.