చేతులు జేబులో పెట్టండి!

హాజిం మాస్టారికి మనుషుల చేతులు జేబుల్లో తప్ప ఇంకెక్కడ కనిపించినా ఒళ్లు మండిపోయేది. జలపాతం ఎదురుగా ముక్కాలి స్టాండు మీద కెమెరా పెట్టుకుని "చేతులు జేబులో!" అని ఆయన ఒక్క కేక వేస్తే, ప్లీవా నది కూడా కిందకి దూకాలా వద్దా అని ఆలోచించేదని యాయిత్సె ఊళ్లో చెప్పుకునేవారు. ఒక పెళ్లికొడుకు అక్కడ పెళ్లాం నడుం మీద చెయ్యి వేశాడు, పాపం. వాడి పెళ్లి ఫోటోలన్నిటిలోనూ రెండు చేతులూ జేబుల్లోనే ఉన్నాయి. మేయరు గారు కరచాలనానికి చెయ్యి చాపితే "ముందు అది లోపల పెట్టండి" అన్నారట.

బళ్లో బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన ఈ మనిషి ఎనిమిదిమందిని పోగేసి జలపాతాన్ని ఫోటో తీయడం నేర్పేవారు. ఆ ఎనిమిదో మనిషి ఫిక్రెతా.

ఫిక్రెతా ఇరవయ్యారేళ్లు ఆ ఊరివాళ్ల జుట్టు కత్తిరించింది. యాభై రెండో ఏట చేతులు వణకడం మొదలైంది. "ప్రాణానికేం ఫర్వాలేదమ్మా" అన్నాడు డాక్టరు. ప్రాణానికి ఫర్వాలేదు సరే, కత్తెర సంగతేమిటి? ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకరికి జలుబు చేసింది, ఇంకొకరింటికి చుట్టాలొచ్చారు. ఇరవయ్యేళ్లుగా మొగుడి గుట్టంతా అద్దం ముందు విప్పిన ఆంకిత్సా, వేరే షాపులో కత్తిరించుకున్న జుట్టుతో వీధి దాటి అటువైపునుంచి వెళ్లిపోయింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఫిక్రెతా షాపు మూసేసింది. కాఫీకి వెళ్లడం కూడా మానేసింది. కప్పు గలగలమనగానే ఎవరో ఒకరు "ఇటివ్వు తల్లీ, నేను పోస్తా" అనేవారు. ఆ "తల్లీ" వింటే ఆ కాఫీ వాళ్ల మొహాన కొట్టాలనిపించేది.

ఒకరోజు మాస్టారి ఫోటోల క్లబ్బు అద్దాల వెనక జలపాతం ఫోటో ఒకటి చూసి లోపలికి వెళ్లింది. నిత్యం గింగిర్లు తిరిగే నీళ్లు అందులో ఎంతో నిమ్మళంగా ఉన్నాయి.

"ఇదెలా వచ్చింది మాస్టారూ?"

"కెమెరా కన్ను ఇరవై సెకన్లు తెరిచి ఉంచాలి. రాయి కదలదు, రాయిగానే పడుతుంది. నీళ్లు ఊగి ఊగి మెత్తబడతాయి. పేరు రాసి సోమవారం రా."

ఆ రోజు గురువారం. అక్కడికక్కడే పేరు రాసింది. వణికిన ఆ అక్షరాలు ఆమె ఇంటిపేరుకి చాలా దూరపు చుట్టాల్లా ఉన్నాయి.

సోమవారం మాస్టారు పాఠం మొదలుపెట్టారు. "ఫోటోకి మొదటి శత్రువు చెయ్యి! మనిషి చేతిని నమ్మడానికి వీల్లేదు!"

ఫిక్రెతా చెవులు ఎర్రబడ్డాయి. తననే అంటున్నారనుకుని లేవబోయింది. తీరా చూస్తే ఎనిమిదిమందికీ తలొక రబ్బరు బుడ్డి పంచారు. బుడ్డికో పొడుగాటి గొట్టం, గొట్టం కొస కెమెరా మీటకి. బుడ్డిని కాలితో తొక్కితే కన్ను తెరుచుకుంటుంది, కాలు తీస్తే మూసుకుంటుంది. చేతులు జేబులో ఉండాలి. పిచ్చివాడు అందరికీ సమానంగానే పిచ్చివాడని ఊరట పడి ఆమె కూర్చుండిపోయింది.

లెక్క మాత్రం మాస్టారే పెట్టేవారు. "ఒకటీ..." అని మొదలుపెట్టి, రెండుకి వెళ్లేలోపు నలుగురిని తిట్టేవారు, ఒక బాతుని అదిలించేవారు.

"మాస్టారూ, మీ ఇరవై అయ్యేలోపు పొయ్యిలో నా రొట్టెలు బొగ్గయ్యాయి!" అనేవాడు బేకరీ స్తీపో.

"నోరు కూడా జేబులో పెట్టు. మూడూ..."

"జుట్టన్నా కత్తిరించుకోండి, ఫోటోలో అదే జలపాతంలా పడుతోంది!"

మాస్టారి నెరిసిన జుట్టు అప్పటికే భుజాలు దాటింది. ఒకప్పుడు ఆయన ఫిక్రెతా దగ్గరే కత్తిరించుకునేవారు. ఇప్పుడు అడిగితే తీరికలేదనేవారు.

ఫిక్రెతా మొదటి ఫోటో తెల్లకాగితంలా వచ్చింది. రెండోది నల్లగా. మూడోదానిలో కెమెరా అద్దం మీద తుంపర పడి అంతా మసక. రెండేళ్లు ఎండలో, వానలో, మంచులో బుడ్డి తొక్కింది. ఆమెకి ఒకటే పంతం. వసంతంలో పెట్టే ప్రదర్శనలో తన ఫోటో వేలాడాలి. దాని ముందు ఒక్క మనిషైనా తన చేతుల సంగతి గుర్తు రాకుండా నిలబడాలి. మూడో ఏడు అలాంటి ఫోటో వచ్చింది. రాళ్లమీది నాచు పోగుపోగునా కనిపిస్తోంది, వాటి మధ్య నీళ్లు మీగడలా జారుతున్నాయి.

"ఊఁ" అన్నారు మాస్టారు. అంతకు మించిన మెప్పు ఆయన నోట ఎవరూ వినలేదు.

ప్రదర్శనలో ఆంకిత్సా ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. కింద పేరు చదివి తిరిగి చూసింది. "నువ్వా? మరి నీ..."

"కాలితో తీశాను" అంది ఫిక్రెతా. మూడేళ్లలో ఇంత తియ్యటి మాట ఆమె నాలుక మీదికి రాలేదు.

అంతలో మందుల షాపు సెనీజా నవ్వుతూ వచ్చింది. "ఆ బుడ్లు ఇందుకా! నువ్వు క్లబ్బులో చేరిన మర్నాడే, శుక్రవారం పొద్దున్నే, మాస్టారు వచ్చి ఎనిమిది ఎనిమా బుడ్లు కావాలన్నారు. ఇంటిల్లిపాదికీ మలబద్ధకమా అని కంగారుపడ్డాను!"

ఫిక్రెతా స్తీపో వైపు తిరిగింది. "నేను రాకముందు మీరు ఎలా తీసేవాళ్లు?"

స్తీపో పైకప్పు వైపు చూశాడు. "ఏదో... వేలితో."

ఎవరి జాలీ అక్కర్లేదని ఇక్కడికి వస్తే, ఊరంత జాలి బుడ్లలో నింపి పంచారన్నమాట! విసురుగా మాస్టారి దగ్గరకు వెళ్లింది.

"నన్ను చూసి జాలిపడ్డారా?"

"చేతులు జేబులో..."

"పెట్టను! చెప్పండి!"

మాస్టారు అటూ ఇటూ చూశారు. "జాలైతే నీ ఒక్కదానికే ఇచ్చేవాణ్ణి. నీ సంతకం చూశాక ఆ రాత్రి నా పాత ఫోటోలన్నీ బయటికి తీశాను. నా వేలి అదురు ప్రతి ఫోటోలోనూ ఉంది. ఇరవయ్యేళ్లు తప్పు నేర్పాను. ఆ మాట అందరికీ చెప్పుకోలేక అరిచాను."

"సగం అబద్ధం."

"సగమే" అని ఒప్పుకున్నారు మాస్టారు. "కానీ ఎనిమిదిమందీ తొక్కింది ఒకే రకం బుడ్డి. ఇలాంటి ఫోటో నీకొక్కదానికే వచ్చింది. దానికి నేనేం చేస్తాను?"

ఆ మాటకి ఫిక్రెతా కోపం ఇంకా పెరిగింది. ఎదురుగా ఆ భుజాలు దాటిన జుట్టు కనిపించింది.

"మూడేళ్లయింది. ఇంకో షాపే దొరకలేదా ఈ ఊళ్లో?"

"తీరిక..."

"నోరుముయ్యండి. పదండి."

షాపు తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. కుర్చీ మీద దుమ్ము దులిపి మాస్టారిని కూర్చోబెట్టింది. కత్తెర చేతిలో గలగలమంది. మాస్టారు అద్దంలో దాన్ని చూసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"కదలకండి" అంది ఫిక్రెతా. "ఒకటీ..."

ఆ వేసవంతా హాజిం మాస్టారు ఎడమ చెవి పైన మూడు మెట్లతో, కుడి చెవి పైన బోడిగా ఊరంతా తిరిగారు. ఎవరైనా నవ్వితే చాలు, "ఎక్కడ కత్తిరించుకున్నానో అడగరేం?" అని ఆయనే నిలదీసి, షాపు ఎన్నింటికి తెరుస్తారో కూడా చెప్పి పంపేవారు.