లింగమూర్తి పోగొట్టిన గరగర

లింగంపల్లి స్టేషను దగ్గర రేడియోలు, మైకుసెట్లు బాగుచేసే లింగమూర్తికి గరగర అంటే ఒళ్ళుమంట. ఏ పెళ్ళిలోనైనా మైకు బొంగురుపోయిందా, పిలవకపోయినా పందిట్లోకి దూరి సరిచేసి, భోజనానికి కూడా ఆగకుండా వచ్చేసేవాడు. అంత చాదస్తం! రేడియోలో అరిగిన గాజు వాల్వును పీకాడంటే అక్కడికక్కడే సుత్తితో పగలగొట్టేవాడు. ఎవడో తుడిచి కొత్తదని అమ్ముతాడని ఆయన భయం. చేతిలో పనితనం, మనసులో నిజాయతీ ఉన్న మనిషి. డెబ్భై నాలుగులో ఆ రెండూ కలిసే ఆయన కొంప ముంచాయి.

దగ్గర్లోని ఫ్యాక్టరీలో గుమాస్తా పార్థసారథి, బెజవాడ వైపు మనిషి, ఒకరోజు గిటారుతో సహా పాత వాల్వు ఆంప్లిఫయరు మోసుకొచ్చాడు.

"పోయిన మా అన్నయ్యదండి. మధ్యలో ఆగిపోతోంది, కాస్త చూడండి."

మీటి చూపించాడు. శబ్దం జీరగా, చీలి వచ్చింది. వెనక గదిలో బియ్యం ఏరుతున్న భార్య భాగ్యమ్మ చెయ్యి ఆపి వింది. లింగమూర్తి మాత్రం చెవులు మూసుకున్నాడు.

పాపం, పోయినాయన వస్తువు, కొత్తదానిలా చేసివ్వాలని మూడు రోజులు కూర్చున్నాడు. వాల్వులు మార్చాడు, చిరిగిన స్పీకరు మార్చాడు. పాతవాటిని మామూలుగానే సుత్తితో నుజ్జు చేశాడు.

పార్థసారథి వచ్చి తీగ మీటాడు.

"ఎట్లుంది సార్? అద్దం లెక్క లేదా?"

అతని మొహం పాలిపోయింది. "ఆ జీర ఏదండీ?"

"తీసేసిన గద!"

"అన్నయ్య వాయిస్తే అలాగే పలికేదండి. అది వినడానికే రోజూ మీటుకునేవాణ్ణి."

తిట్టలేదు మహానుభావుడు. గిటారు కూడా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదని లింగమూర్తి కుమిలిపోయాడు. వాల్వులు అలా అరగాలంటే ఏళ్ళు పడుతుంది. ఇక ట్రాన్సిస్టర్లతోనే ఆ జీర పుట్టించాలి. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య పెట్టి కాలితో నొక్కే చిన్న పెట్టె చెయ్యాలనుకున్నాడు. చేస్తాడు సరే, ఆ శబ్దాన్ని ఆయన వింటే కదా!

"నేను విన్న," అంది భాగ్యమ్మ. "తొమ్మిది దినాలు బతుకమ్మ పాడి గొంతు పోయినంక గూడ మా పెద్దమ్మ పాడుతుంటె గట్లనే ఉంటుండె."

అల్యూమినియం టిఫిన్ డబ్బాలో తీగలు అతికించడం, మీటడం, ఆమె మొహం చూడడం, ఇదే పని.

"ఊహూఁ, ఈగల మోత."

"ఇది డబ్బల గులకరాళ్ళు. తియ్యి."

పదకొండోసారి మాత్రం ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లింగమూర్తికీ అది తియ్యగా వినబడింది. ఇన్నాళ్ళూ దీన్నేనా నేను చంపుతూ వచ్చింది అని సిగ్గేసింది.

మర్నాడే అన్నీ రిక్షాలో వేసుకుని పార్థసారథి ఇంటికెళ్ళాడు. "తప్పయింది సార్. జర ఇది నొక్కి చూడుండ్రి."

పార్థసారథి నొక్కాడు, మీటాడు. చాలాసేపు వాయించి ఆపాడు.

"ఇది అన్నయ్యది కాదండీ."

లింగమూర్తి డబ్బా తీసుకుందామని వంగాడు.

"ఉండండి, ఉండండి. అన్నయ్యది మధ్యలో తెగిపోయేదండి. ఇది తెగట్లేదు. అన్నయ్యే గనక ఉంటే, ఈపాటికి గిటారు నా చేతుల్లోంచి లాక్కునేవాడు!"

అలా అంటూనే భోరుమన్నాడు. లింగమూర్తి అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

"ఇంకొకపాలి కొట్టుండ్రి సార్. నేనిప్పుడే వినుడు నేర్చుకుంటున్న."