గ్రీకు నాటకంలో రాగి చేను

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, మే నెల రెండో వారంలో, కృష్ణగిరిలో పేపర్లు దిద్దే క్యాంపుకు నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా వేస్తూ ఉత్తరం వచ్చింది. అప్పటికి కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు. మొదట హోసూరులో, తరవాత కృష్ణగిరిలో. ఇల్లు మాత్రం ఎప్పుడూ హోసూరే. పొద్దున బస్సెక్కి కృష్ణగిరి ఎండలోకి దిగడం, సాయంత్రం మళ్లీ చల్లటి ఊరికి చేరడం అలవాటైపోయింది.

క్యాంపు సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. చుట్టుపక్కల కాలేజీల జవాబు పేపర్లన్నీ ఒక హాలుకు చేరతాయి. పిల్లల నంబరున్న ముక్క చింపేసి వేరే నంబరు వేస్తారు కాబట్టి ఎవరి పేపరో ఎవరికీ తెలియదు. ఒక్కో బల్లకు ఐదారుగురు ఎగ్జామినర్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. వాళ్లపైన చీఫ్, అంటే నేను, ప్రతి కట్టలోంచీ కొన్ని పేపర్లు తీసి పచ్చ సిరాతో మళ్లీ దిద్దాలి. నా పైన క్యాంపు ఆఫీసరు, ఆయన పైన యూనివర్సిటీలో కంట్రోలరు. వీళ్లందరినీ నడిపేది ‘కీ’ అనే నాలుగు కాగితాలు. ఏ ప్రశ్నకు ఏ విషయాలు రాస్తే ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. మొదటి రోజు పొద్దున దాన్ని అందరూ చదివి, చర్చించి, సంతకాలు పెట్టాలని రూలు. జరిగేది వేరు. కీ చేతులు మారుతుంది, టీ వస్తుంది, సంతకాలు పడతాయి. ఆ రోజు నా బస్సు ఆలస్యమైంది. నేను పోయేసరికి కీ కింద అందరి సంతకాలూ ఉన్నాయి. నేనూ పెట్టేశాను.

పేపరు బీఏ ఇంగ్లీషు మూడో ఏడుది. ప్రపంచ సాహిత్యాన్ని ఇంగ్లీషు అనువాదంలో చదివే పేపరు. అందులో ఒక పాత గ్రీకు నాటకం ఉంది. యుద్ధంలో ఓడిపోయిన ఊరి ఆడవాళ్ల కథ. మొగుళ్లు పోయారు, కొడుకులు పోయారు, గెలిచినవాళ్లు వీళ్లను పంచుకుని ఓడలెక్కించి తీసుకుపోతారు. చివర ఆ ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో నేలను కొడుతూ, చచ్చిపోయినవాళ్లను పిలుస్తారు. తరవాత లేచి ఓడల వైపు నడుస్తారు. నాటకం అయిపోతుంది.

రెండో రోజు మధ్యాహ్నం మునిరాజు కట్ట తీశాను. మునిరాజు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, ఒకప్పుడు హోసూరులో నా దగ్గర చదువుకున్నవాడే. నెమ్మదైన మనిషి, పని శుభ్రం. మొదటి పేపరులో నాటకం మీద వ్యాసం ఇలా ముగిసింది: చివర దేవత దిగివచ్చి, ఏడుస్తున్న ఆడవాళ్లను రాగి చేను మీద తొలి వాన పడ్డట్టు ఓదార్చింది. పదికి ఎనిమిది. రెండో పేపరులోనూ దేవత వచ్చింది, రాగి చేను మీద వాన పడింది. మూడో దానిలోనూ అదే. నాలుగోవాడు పాపం రాగి చేను మరిచిపోయి ఉత్త చేను అని రాసినందుకు ఒక మార్కు పోగొట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇది గైడు పని అని తెలుస్తూనే ఉంది. పరీక్షకు పదిహేను రోజుల ముందు హోసూరు బస్టాండు దగ్గర జిరాక్సు షాపుల్లో తోరణాలు కట్టినట్టు వేలాడే పల్చటి పుస్తకాలు అవి. మూలం చదవకుండా గైడు చదివే పిల్లల్ని నేనేమీ అనను, వాళ్ల బాధలు వాళ్లవి. కానీ ప్రశ్నే గైడులోంచి వచ్చింది. “నాటకం ముగింపులోని దైవ సాంత్వనను వివరించండి” అట. లేని దేవతను ఎలా వివరిస్తారు? కీ తెరిచి చూశాను. దేవత రాకకు మూడు మార్కులు, ఓదార్పుకు నాలుగు, పోలికకు ఒకటి, శైలికి రెండు. కంచే చేను మేయడమంటే ఇదే అనుకున్నాను. కింద నా సంతకం ఉన్న సంగతి ఆ కోపంలో గుర్తు రాలేదు.

తరవాతి పేపరులో అదే ప్రశ్నకు సున్నా. పక్కన ఎర్ర సిరాతో ‘కీలో లేదు’ అని రాసి ఉంది. మొత్తం ఇరవై ఆరు. పాసు కావాలంటే ముప్పై. ఆ పేపరు గిరిజ అనే పిల్లదని నాకు రెండు నెలల తరవాత తెలిసింది. తళి దగ్గర పల్లె, గొర్రెలు కాసే ఇల్లు, తల్లి గులాబీల గ్రీన్‌హౌసులో కూలికి పోతుంది. ఆ పిల్లకు బీఈడీ సీటు రావాలంటే ఏ పేపరూ మిగలకూడదు. ఒక్కటి మిగిలినా, మా దగ్గర దాన్ని అరియర్ అంటారు, ఏడాది ఆగాలి. ఆ ఇళ్లలో ఆడపిల్ల ఒక ఏడాది ఆగడమంటే చదువు ఆగినట్టే. తల్లితోబాటు పూల కోతకు పోవాల్సిందే.

ఆమె జవాబు నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. ఇంగ్లీషు కుంటుతూనే ఉంది, చెప్పింది మాత్రం సూటిగా ఉంది. ప్రశ్నలో తప్పుంది, మా పుస్తకం చివర ఏ దేవతా రాదు అని మొదలుపెట్టింది. మా అవ్వ చావు జరిగిన ఇళ్లలో శోకం పెడుతుంది, తమిళంలో దాన్నే ఒప్పారి అంటారు అని రాసింది. అవ్వ ఒక వరస చెప్పి ఆపితే మిగతా ఆడవాళ్లు ఇంకో వరస అందుకుంటారట. నేల మీద చెయ్యి కొట్టేది దుఃఖం పట్టలేక కాదు, పోయినవాళ్లకు వినబడాలని అట. నాటకంలోనూ ఒకామె పిలుస్తుంది, మిగతావాళ్లు అందుకుంటారు. అయితే ఇంగ్లీషు అనువాదకుడు ఆ పిలుపులన్నిటికీ ‘అలాస్’, అంటే అయ్యో, అనే ఒక్క మాటే వేశాడు. అలాస్ అనేది తనలో తాను అనుకునే మాట, వీళ్లు అవతలివాళ్లను పిలుస్తున్నారు, పిలిచినవాళ్లు పలకరు, నాటకం అక్కడ అయిపోతుంది. ఇదీ జవాబు.

ఆ నాటకానికి ఇంగ్లీషు అనువాదాలు నేను నాలుగు చదివాను. పాతకాలం దొరలు పేజీ నిండా అలాస్‌లు, ఓ‌లు పరిచారు. ఈ కాలంవాళ్లు ఆ కేకలు చదివేవాళ్లకు విసుగని సగానికి సగం ఎత్తేసి, ఆ ఆడవాళ్లను ఆఫీసులో మాట్లాడుకున్నట్టు మాట్లాడించారు. ఎవరు బాగా చేశారని నేను క్లాసులో గంటలు గంటలు చెప్పేదాన్ని. వాళ్లు ఎవరినో పిలుస్తున్నారన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. శోకం విని పెరిగిన పిల్లకు తట్టింది. దానికి సున్నా.

మునిరాజును పిలిచి, ఇది పుస్తకంలో ఉందా లేదా అని అడిగాను. పుస్తకం చూడలేదు, కీలో లేదు అన్నాడు. నా గొంతు లేచింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పెన్నులు ఆపారు.

“గ్రీసు దేశంలో రాగులు యాడ పండుతాయప్పా? ఏ బుద్ధిలేనోడు రాసినాడు ఇది? దేవత వచ్చిందని ఎవురు చెప్పినారు నీకు?” అన్నాను.

మునిరాజు లేచి నిలబడ్డాడు. ఎగతాళి లేదు, ఎదురు చెప్పడమూ లేదు.

“మీరే మేడం. హోసూరు కాలేజీలో మాకు మీరే చెప్పినారు. నేను రాసుకున్నాను. ఆ నోట్సు ఇంకా మా ఇంట్లో ఉండాది. మీరు చెప్పింది తప్పు కాదు కదా అని ఆ పేపరుకి సున్నా వేసినాను.”

కూర్చున్నాను. అంతా గుర్తొచ్చింది. ఆ నాటకం సిలబసులోకి మొదటిసారి వచ్చిన ఏడాది, పుస్తకాలు రాలేదు. కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు దేశపు చిన్నపిల్లల కోసం ఎవరో తిరగరాసిన పల్చటి కథ ఒకటి దొరికింది. ఆ రాసినాయనకు పిల్లలు ఏడుస్తారని భయమేమో, శోకం తీసేసి చివర ఒక దేవతను దింపాడు. నేను దాన్నే నాటకం అనుకుని నోట్సు చెప్పాను. ముందు కూర్చున్నవాళ్లు రాయకోట, తళి వైపు రైతుల పిల్లలు. వాళ్లకు అర్థం కావాలని రాగి చేను నేనే కలిపాను. ఆ పోలిక బాగుందని మురిసిపోయాను కూడా. మరుసటి ఏడు అసలు పుస్తకం వచ్చింది. చదివి, తప్పు తెలుసుకుని, కొత్త బ్యాచికి సరిగ్గా చెప్పాను. పాత బ్యాచిని పిలిచి, నేను చెప్పింది తప్పు అని చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. వాళ్ల నోట్సు జిరాక్సు షాపుకు పోయింది, జిరాక్సు గైడైంది, గైడు ప్రశ్నైంది, ప్రశ్న కీ అయింది. మధ్యలో నాటకం సిలబసులోంచి పోయి మళ్లీ వచ్చినా నా దేవత మాత్రం ఎక్కడికీ పోలేదు.

కీ తీసుకుని క్యాంపు ఆఫీసరు దగ్గరికి పోయాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, దీనికి ఇంత గొడవ దేనికి మేడం అన్నాడు. చీఫ్‌గా నా చేతిలో ఉన్న అధికారంతో ఆ ఒక్క పేపరుకు మార్కులు వేసి పంపేయమన్నాడు. కీ తప్పని కాగితం మీద పెడితే దిద్దిన కట్టలన్నీ మళ్లీ విప్పాలి, దేవత వచ్చిందని రాసిన వందలమంది సంగతి ఏమిటి అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. కానీ నిజం రాసినవాళ్లు ఆ కట్టల్లో ఇంకెంతమంది ఉన్నారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నా కంటపడ్డది బతికింది, పడనిది పోనీ అంటే ఇక చీఫ్ ఎందుకు, క్యాంపు ఎందుకు? ఆ మాటే ఆయనతో అన్నాను. అయితే మీ ఇష్టం, రాసివ్వండి అన్నాడు.

కంట్రోలరుకు ఉత్తరం రాశాను. గైడు వేసినవాళ్లను, ప్రశ్న ఇచ్చినవాళ్లను ఒక పేజీ నిండా కడిగేశాను. సంతకం పెట్టబోతూ తలెత్తితే ఎదురు బల్ల దగ్గర మునిరాజు తల వంచుకుని దిద్దుకుంటున్నాడు. ఆ పేజీలో నా పేరు ఎక్కడా లేదు. చింపేశాను. ఈ తప్పు మొదట క్లాసులో చెప్పింది నేను, చదవకుండా కీ మీద సంతకం పెట్టిందీ నేను, పుస్తకంలో ఉన్నది రాసినవాళ్లకు మార్కులు ఇవ్వాలి, దేవత వచ్చిందని రాసినవాళ్లు మా మాట నమ్మారు కాబట్టి వాళ్లకు కోత పెట్టకూడదు, గైడు మాటను కీలోంచి కొట్టేయాలి అని మళ్లీ రాశాను.

మరుసటి రోజు జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. దేవత వచ్చిందని రాసినా, రాలేదని రాసినా పూర్తి మార్కులకు అర్హులు. కీలో గైడు మాట అలాగే ఉంది, దాని పక్కన ‘లేదా’ అని చేర్చి నా మాట పెట్టారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు అంత కోపం తెప్పించిన కాగితం ఇంకొకటి లేదు. రెండూ ఒప్పే అయితే ఇక చదవడం దేనికి? అయినా చేతిలో ఆర్డరు ఉంది కాబట్టి నేనూ మునిరాజూ కట్టలన్నీ విప్పించాం. ఒక రోజంతా పట్టింది. పుస్తకంలో ఉన్నట్టే రాసి సున్నా తెచ్చుకున్నవాళ్లు ఇంకో ముగ్గురు దొరికారు. తళి పిల్ల పేపరు మీద ఎర్ర సున్నాను కొట్టేసి పచ్చ సిరాతో తొమ్మిది వేశాను. మొత్తం ముప్పై ఐదయింది.

జూలైలో గిరిజ నా డిపార్టుమెంటుకు వచ్చింది. దిద్దిన పేపరుకు జిరాక్సు కాపీ అడిగే హక్కు పిల్లలకు ఉంది. ఆ కాపీ తెప్పించుకుని, పచ్చ సంతకం ఎవరిదో వాళ్ల లెక్చరరును అడిగి తెలుసుకుని వచ్చింది. బీఈడీ సీటు వచ్చిందని చెప్పింది. దండం పెట్టడానికి వచ్చిందేమో అనుకున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

“దేవత వచ్చిందని రాసిన మా సావాసగత్తెకీ తొమ్మిదే వచ్చినాది మేడం. రాలేదని రాసిన నాకూ తొమ్మిదే. ఇంతకీ ఆ దేవత వచ్చిందా, రాలేదా?”

రాలేదు అన్నాను. అది ఆ సావాసగత్తె తప్పు కాదనీ, గైడు తప్పు కూడా కాదనీ, ఎవరి నోట మొదలైందో ఆమెకు చెప్పాను. ఆ పిల్ల ముఖంలో జాలి గానీ క్షమ గానీ ఏమీ కనబడలేదు. కాపీని మడిచి సంచిలో పెట్టుకుంది.

“అయితే ఆ మాట యాడైనా రాసిపెట్టండి మేడం. గైడు ఇంకా అమ్ముతా ఉండారు.”

మిగిలిన మూడేళ్లలో నేను నోట్సు చెప్పలేదు. పుస్తకం తెరిచి పెట్టుకోకుండా ఏ కీ మీదా సంతకం చెయ్యలేదు. ఈ ఉద్యోగంలో తప్పు చెప్పడం అంత పెద్ద నేరమేమీ కాదని, చెప్పిన తప్పును విన్నవాళ్ల దగ్గరికే పోయి తిరిగి తీసుకోకపోవడం నేరమని నాకు అర్థమైంది. ఆ పిల్ల అడిగిన మాట మాత్రం ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ నాటకం చివర ఏ దేవతా రాదు. వచ్చిందని హోసూరులో చెప్పింది నేను.