ఠాకురాణి ముందు ఆగిన కారు పందెం

లక్ష్మీపూర్ దాటి కొండదారి మలుపుల ఘాటీ దిగేటప్పుడు కాలిన బ్రేకుల వాసన కారులోకి వస్తుంది. అది తగిలిందంటే చాలు, ఇప్పటికీ నాకు సీట్లో కుదురుండదు. పక్కన ఎవరున్నా కాస్త నిమ్మళంగా కూర్చోమని అననే అంటారు.

మా నాన్న రాయగడలో పాత అంబాసిడర్‌ను బాడుగకు తిప్పేవాడు. నా చిన్నప్పుడు, పనసపళ్లు పగిలి ఊరంతా తీపివాసన కొట్టే రోజుల్లో, ఎక్కడినుంచో సినిమావాళ్లు దిగారు. దేశం ఈ చివరినుంచి ఆ చివరిదాకా పోలీసుల కళ్లు కప్పి జరిగే దొంగ కారు పందెం కథ, నవ్వుల సినిమా. దేశమంతా తిరిగే తాహతు లేక పాపం, దేశాన్నంతా మా ఘాటీలోనే కానిచ్చేశారు. పొద్దున రాజస్థాన్, మధ్యాహ్నం కేరళ. ఉన్న నాలుగు కార్లకే రంగు కాగితాలు మార్చి మార్చి అంటించి పన్నెండు చేశారు. వాటన్నిటికంటే ముందు ఉరికే వంతు మా కారుది. ఇంక నన్ను పట్టేదెవరు? బడిలో, కుళాయి దగ్గర, చోడంబలి తాగుతూ కూడా గెలిచేది మా నాన్నేనని చాటింపు వేశాను.

షూటింగునాడు ఘాటీ మలుపులో ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మారుతూ నిలబడ్డాను. హారన్లు మోగించుకుంటూ కార్లొచ్చాయి, నాన్నే ముందు. ఠాకురాణి గుడి రాగానే ఆయన కాలు బ్రేకుమీదికి పోయింది. ఆ అమ్మవారికి దణ్ణం పెట్టకుండా ఏ డ్రైవరూ ఘాటీలో బండి దించడు. నాన్న దిగి, చెప్పులు విడిచి, చేతులు జోడించాడు. వెనకవాళ్లూ మా ఊరి డ్రైవర్లేగా, వాళ్లూ దిగారు. వెంటాడుతున్న పోలీసు వేషగాడు సైతం జీపు ఆపి టోపీ తీశాడు. డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. మళ్లీ తీయడానికి రీలు మిగల్లేదు.

"ఎందుకాపేవు నాన్నా?" అని ఏడ్చాను.

"సినిమా ఈ ఒక్కరోజే అమ్మీ. ఘాటీ రోజూ దిగాలి కదా."

ఆ ముక్కను అలాగే ఉంచేశారు. వీడియో హాల్లో సినిమా పడినరోజు, తెరమీద నాన్న వంగి దణ్ణం పెడుతుంటే ఒకటే ఈలలు, నవ్వులు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నాన్న పక్కనే బెంచీమీద కూర్చుని, ఆ మనిషి నాకేమీ కానట్టు, అందరికంటే గట్టిగా నేనూ నవ్వాను. నాన్న నావైపు తిరగలేదు.

ఇప్పుడు ఘాటీ రోడ్డు వెడల్పయింది. వీడియో హాలు పోయింది, నాన్నా పోయాడు. ఇంట్లో ఆయనవి రెండు ఫొటోలున్నాయి, రెండింట్లోనూ బిగుసుకుని నిలబడ్డాడు. నడిచే నాన్న, వంగే నాన్న ఉన్నది ఆ సినిమాలోనే. కనబడ్డవాళ్లనల్లా అడిగాను, ఫోనులో వెతికాను, ఆ క్యాసెట్టు ఎవరి దగ్గరా లేదు. దొరికితే ఒక్కసారి నవ్వకుండా చూడాలని ఉంది.