అరటి మరక ఉన్న చొక్కా

నిన్న మా ఆఫీసులో ఇంటర్వ్యూకి ఒక అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చోగానే బొగ్గుల ఇస్త్రీ వాసన గుప్పుమంది. కరెంటు ఇస్త్రీకి ఆ వాసన రాదు. నీళ్లు చిలకరించిన నూలు బట్ట మీద నిప్పుల పెట్టె నడిస్తేనే వస్తుంది. ఎల్బీనగర్‌లో ఏసీ గదిలో ఉన్నవాణ్ణి కాస్తా దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గల్లీకి, యాదమ్మ బండి ముందుకు వెళ్లిపోయాను.

యాదమ్మ మా హాస్టల్ గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునేది. ఆమెదీ మా నల్లగొండ వైపే. కోచింగుకు వచ్చిన మా అందరి ఇంటర్వ్యూ చొక్కాలూ ఆమె చేతి మీదుగానే వెళ్లేవి. అక్షరం ముక్క రాదు గానీ, ఇంటర్వ్యూల గురించి ఆమెకు తెలిసినంత మా కోచింగ్ సారుకు తెలియదని ఇప్పటికీ నా వాదన. సాయంత్రం తిరిగొచ్చినవాడి చంకల దగ్గర తడి చూసి, "అబద్ధాలాడి వచ్చిండు గీ పిలగాడు" అనేది. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు నేను గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో పనిచేశాను. మార్కెట్ అప్పటికింకా అక్కడే ఉండేది. బత్తాయి, అరటి లారీల్లో దేన్ని ముందు దింపించాలో, ఏ సరుకు ఎండ ముదరకముందే బయటికి పోవాలో చూడటం నా పని. అది చెప్పుకోవడానికి నాకు నామోషీ. కోచింగ్ సారు సలహా విని, బయోడేటాలోంచి మార్కెట్ తీసేసి, ఏనాడూ గడప తొక్కని కంపెనీలో రెండేళ్ల అనుభవం రాయించుకున్నాను. మా గల్లీలో సగం మంది చేసే నిర్వాకమే అది. నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. ఐదోది గోదాముల కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఇదీ రాకపోతే హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వచ్చెయ్యమని నాన్న ఫోనులో తేల్చి చెప్పేశాడు.

ముందురోజు రూమ్మేట్ తెల్లచొక్కా తీసుకుని యాదమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఎవలదిరా గీ అంగీ? నీ భుజాలకు సరిపోదు."

"దోస్తుది పెద్దమ్మా. రేపు ఇంటర్వ్యూ ఉంది."

"ఏం అడుగుతరు?"

"రెండేండ్లు కంపెనీల ఏం చేసినవని అడుగుతరు." బట్టీపట్టిన జవాబంతా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాను. ఆమె చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"మంచిగుంది. పొద్దుగాల పోంగనే మొదలు ఏం చేసేటోనివి?"

బట్టీ జవాబే మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

"అన్నం ఏడ తింటుంటివి? ఎవలతోని?"

"గివన్నీ అడగరు పెద్దమ్మా!" అని కసురుకున్నాను.

"అడగకున్నా నీ మొఖంల కానొస్తది కొడుకా. సరేగని, మార్కెట్ల ఏం చేసేటోనివో జర చెప్పు."

విసుగ్గానే మొదలుపెట్టాను. ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు. చేతులు ఊపుతూ లారీలను వెనక్కి తీయించేస్తున్నాను. యాదమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నవ్వింది.

"ఇప్పుడు చూడు, ఎంత సక్కగ నిలవడ్డవో! గప్పుడు బండికి ఒరిగి, నేల చూస్కుంట చెప్పినవ్."

తెల్లచొక్కా ఇస్త్రీ చేయకుండానే నా చేతికిచ్చేసి, "నీది పట్రాపో" అంది. నా నీలిగళ్ల చొక్కా ఎడమ చేతికి అరటి జిగురు మరక ఉండేది. అది లోపలికి పోయేలా మోచేతి దాకా మడిచి, మడత మీద గట్టిగా ఇస్త్రీ చేసింది. ఆ సాయంత్రమే బయోడేటా మార్పించాను.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో ఉన్న మేడం కాగితం చూసి, "మార్కెట్‌లో చేసినట్టు సర్టిఫికెట్ ఉందా?" అని అడిగింది. మార్కెట్‌లో సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఏం తోచిందో ఏమో, "కాగితం లేదు మేడం" అంటూ చొక్కా చెయ్యి మడత విప్పి చూపించాను. "అరటి గెలలు దింపేటప్పుడు అంటిన జిగురు. ఎంత ఉతికినా పోదు."

ఒకాయన ఫక్కున నవ్వాడు. అయిపోయింది నా పని అనుకున్నాను. మేడం మాత్రం నవ్వలేదు. "ఒకేసారి ఐదు లారీలొస్తే ఏది ముందు దింపిస్తారు?" అని అడిగింది. దానికి నాకు బట్టీ అక్కర్లేదు. కంప్యూటర్‌లో సరుకు ఎక్కించడం వచ్చా అంటే, "రాదు మేడం, నేర్చుకుంటాను" అన్నాను. రాదని చెప్పడం అంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం యాదమ్మ నా చెయ్యి పైకెత్తి చంక దగ్గర చూసింది. "తడి లేదు. వచ్చిందా?"

"వచ్చింది పెద్దమ్మా. ఆడనే చెప్పిండ్రు."

కళ్లు తుడుచుకుని, నేరం బొగ్గు పొగ మీదకు నెట్టేసింది. పోయినేడు ఆమె చనిపోయిందని నాకు నెల తర్వాత తెలిసింది. కడసారి చూపుకైనా నోచుకోలేదని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నిన్నటి అమ్మాయి కాగితంలో ఏదో కంపెనీలో మూడేళ్ల అనుభవం ఉంది. "పొద్దున వెళ్లగానే మొదట ఏం చేసేవారమ్మా?" అని అడిగాను. చున్నీ అంచు నలుపుతూ నేల చూపులు చూసింది. నా పక్కనున్నాయన ఫైలు మూసేశాడు. నేను మళ్లీ తెరిచాను.

"ఆ కాగితం సంగతి వదిలెయ్యి తల్లీ. ఈ మూడేళ్లూ నిజంగా ఏం చేశావో చెప్పు."

ఆమె నేను తెరిచిన ఫైలు వంక చూసింది. తర్వాత మెల్లగా, "సరూర్‌నగర్‌ల అమ్మతోని టిఫిన్ సెంటర్ నడిపిన సార్" అంది.

"పొద్దున పోగానే మొదట ఏం చేసేదానివి?"

ఆ అమ్మాయి కుర్చీలో నిటారుగా కూర్చుంది.