కొంగు కింద బేరం

మా కుటుంబంలో ఆఖరుకు అమ్ముడుపోయింది పడవ. అంతకుముందే పత్తి మిల్లు ప్లాట్లయింది. గుంటూరులోని కోల్డ్ స్టోరేజీ వేలంలో పోయింది. ఆ రెండు సంతకాలూ తల వంచకుండానే పెట్టాను. పడవ సంగతి వేరు.

పక్కపక్కన రెండు పొడవాటి పొట్టలు, వాటిని కలుపుతూ మధ్యలో గది, పైన తెరచాప. నిజాంపట్నం రేవులో అందరూ దాన్ని కవలల పడవ అనేవారు. మా నాన్న పుదుచ్చేరిలో ఒక విదేశీయుడి దగ్గర కొన్నారు. ఏడాదికో కారు మార్చేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు. తెరచాప ఎత్తి కాకినాడ దాకా వెళ్ళొచ్చినవాళ్ళం మాత్రం మేమే. ఆయన పోయాక నేనూ, మొదటినుంచీ దాన్ని నడిపిన సరంగూ కలిసి చూసుకున్నాం. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగేవాళ్ళం. చాపలు నీడలో ఆరబెట్టేవాళ్ళం. ఏటా ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకించి రంగు వేయించేవాళ్ళం. ఇంటి గోడలకు సున్నం పడని ఏడు కూడా పడవకు రంగు తప్పలేదు.

ఆ స్తోమతా పోయాక అమ్మకానికి పెట్టాను. ఒకటే షరతు పెట్టాను. కొన్నవాళ్ళు దాన్ని నీళ్ళలో ఉంచాలి. అది సముద్రం మీద తిరుగుతూ ఉంటే, ఎవరి చేతుల్లో ఉన్నా ఫరవాలేదనిపించింది. సముద్రమని విడిగా చెప్పాలని తోచలేదు. పడవకు నీళ్ళంటే వేరే ఏముంటాయి?

పొదిలి వైపు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన మిర్చి వ్యాపారి. పడవతో ఏం చేస్తారని నేను అడగలేదు. కొనేవాళ్ళను ఆరా తీయడం మా ఇంట్లో మర్యాద కాదు. సరంగు అడగబోతే కళ్ళతోనే ఆపాను.

ఆయన ఒడ్డుకు లాగిన పడవ చుట్టూ తిరిగి, వేళ్ళతో తట్టి చూశాడు. "రంగు దిగలేదండీ. ఏసీలో పెట్టిన కాయలాగుంది."

కోల్డ్ స్టోరేజీని మిర్చివాళ్ళు ఏసీ అంటారు. అందులో దాచిన మిరపకాయలా ఉందని మెచ్చుకోవడం. సరంగుకు నచ్చలేదు. "ఏసీలో పెడితే కాయ బతుకుద్దేమో గానీ పడవ చచ్చిపోద్దండి. తిప్పాం గనకే ఇట్టా ఉంది."

"ఈయనకి కాయ తప్ప ఇంకేం కనపడదులే," అంది ఆయన భార్య. "పెళ్ళిచూపులప్పుడు నన్నూ అట్టాగే చూశాడు, తొడిమె ఉందా లేదా అని."

నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ధర దగ్గర ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మళ్ళీ తటపటాయించాడు. పాత మిర్చి బేరాల్లో ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి చెబుతారు. మా నాన్న బేరాలన్నీ అలాగే జరిగేవి. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకోవడానికి ఆయనకు మొహమాటం.

"నీ తువ్వాలు నువ్వే కప్పుకో," అని ఆవిడ నా దగ్గరకు వచ్చి, చీర కొంగు మా ఇద్దరి చేతుల మీద కప్పింది. ఆవిడ వేళ్ళు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. నొక్కింది. నేను ఒక వేలు వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ నొక్కింది. పిడికిలి మూశాను. మూస్తే బేరం అయిపోయినట్టే. మూసిన పిడికిలి విప్పాడన్న మాట మా నాన్న ఏనాడూ పడలేదు.

"నీళ్ళ మాట గుర్తుందిగా?" అన్నాను.

"ఎందుకు లేదమ్మగారూ," అన్నాడాయన. "తొట్టి కట్టడం కూడా అయిపోయింది. టైల్స్ ఒక్కటే మిగిలినయి."

"ఏం తొట్టండీ?" అన్నాడు సరంగు.

ఫోనులో చూపించాడు. కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు, దాని ముందు సిమెంటు తొట్టి. అందులో పడవ నిలబెడతారట. పెళ్ళికి ముందు జంటలు దాని మీద ఫొటోలు దిగుతారట.

"మా వైపు పిల్లలకి సముద్రం ఎక్కడిదమ్మా," అంది ఆవిడ. "బోరులో నీళ్ళొస్తేనే పండగ మాకు."

"లారీ మీద ఇదెట్టా పడుద్ది?" సరంగు చేతులు చాచి పడవ వెడల్పు చూపించాడు.

"మధ్యలో కోయించి తీసుకుపోతాం. అక్కడ మళ్ళీ అతికిస్తారు."

సరంగు నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇంకా ఏం మించిపోలేదు. ఒద్దని చెప్పండి. తొట్టిలో పెట్టడానికా ఇన్నేళ్ళు కడిగింది?"

ఆవిడకు నా ముఖం చూసి అర్థమైంది. "ఇష్టం లేకపోతే చెప్పండమ్మా. మేమేం అనుకోం."

అంత మెత్తగా అనకపోతే వద్దనేదాన్నేమో. మా ఇంటిమీద జాలిపడి ఒకరు బేరం వదులుకోవడమా? మిల్లు పోయింది, ఏసీ పోయింది. మాట ఒక్కటే మిగిలింది.

"బేరం అయిపోయిందండి," అన్నాను.

సరంగు తాళాలు తెచ్చి నా పక్కన ఇసుకలో పెట్టి వెళ్ళిపోయాడు. కోసే రోజు రాలేదు.

రంపం పట్టిన మేస్త్రీ ఎక్కడ కోయాలని అడిగాడు. గదికి అటూ ఇటూ ఎక్కడైతే తేలికో చూపించాను. ఫైబర్ పొడి తెల్లగా లేచి అందరి జుట్ల మీదా పడింది. చివరి అంగుళం తెగగానే ఒక పొట్ట పక్కకు ఒరిగింది. విడదీస్తే వాటిలో ఏదీ తనంతట తాను నిలబడదు. కూలీలు పరుగున వచ్చి దాని కింద ఇసుక గోతాలు తోశారు.

ఎవరో నాకు కుర్చీ తెచ్చి వేశారు. ఆఖరి లారీ కదిలేదాకా నేను కూర్చోలేదు.